షూనేమీయురాలు రాజును అడిగింది

షూనేములో ఘనురాలైన ఒక స్త్రీ ఉండేది. ఎలీషా ప్రవక్త కోసం ఆమె మేడ మీద చిన్న గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపస్తంభం అమర్చింది. ఆ మేలుకు బదులుగా, రాజుతో నీ తరఫున మాట్లాడమంటావా అని ప్రవక్త అడిగించాడు. నా వాళ్ల మధ్య నేను బాగానే ఉన్నానంటూ ఆమె సున్నితంగా వద్దంది (2 రాజులు 4:13). ఆ జవాబు మన సంఘాల్లో చాలాసార్లు ప్రసంగాంశమైంది. తృప్తి అంటే ఇదీ అని మనం చెప్పుకుంటాం, అది నిజమే. కానీ ఆమె కథ అక్కడితో అయిపోలేదు. ఏడేళ్ల కరువులో ప్రవక్త మాట ప్రకారం ఫిలిష్తీయుల దేశం వెళ్లి, తిరిగొచ్చేసరికి ఇల్లు, పొలం ఆమె చేతుల్లో లేవు. అప్పుడామె ఏం చేసింది? నేరుగా రాజు దగ్గరికెళ్లి మొర పెట్టుకుంది. రాజు ఒక అధికారిని నియమించి, ఆమె ఆస్తితో పాటు అన్నేళ్ల పంటనూ తిరిగి ఇప్పించాడు (8:1-6). ఒకనాడు రాజు సిఫారసు అక్కర్లేదన్న స్త్రీయే అవసరమొచ్చిన రోజున స్వయంగా వెళ్లి అడిగింది. ఆమె విశ్వాసం తగ్గిందని బైబిలు ఎక్కడా అనలేదు.

మన విశ్వాసుల్లో చాలామంది మాత్రం నాలుగో అధ్యాయం దగ్గరే ఆగిపోతారు. మా సంఘంలో కూలి పని చేసుకునే ఒక సహోదరి భర్త గుండె ఆపరేషన్ కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలోనే ఆరోగ్యశ్రీ బల్ల ఉంది, ఆమె దగ్గర తెల్లకార్డూ ఉంది. ఎందుకమ్మా అడగలేదంటే, “దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లం, సర్కారును అడుక్కోవడమేంటయ్యగారూ” అంది. దేవుణ్ణి నమ్మిన ఆమె వడ్డీ వ్యాపారిని అడగడానికి మాత్రం సిగ్గుపడలేదు. ఇది ఆమె తప్పని నేననను, సహాయాన్ని భిక్షగా చూడటం మనమే నేర్పాం.

మోషే ధర్మశాస్త్రం అలా నేర్పలేదు. పొలం ఓరలు పూర్తిగా కోయొద్దనీ, రాలిన పరిగె ఏరుకోవద్దనీ, అది బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలనీ దేవుడే ఆజ్ఞాపించాడు (లేవీ 19:9,10). అంటే పొలం యజమాని దయ తలచినా తలచకపోయినా, ఆ పరిగె పేదవాడి హక్కు. రూతు అలాగే వెళ్లి ఏరుకుంది. సబ్బు బిళ్ల కొన్నా పన్ను కట్టే మనకు ప్రభుత్వ వైద్య పథకం అలాంటి పరిగెలాంటిదే.

2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షల రూపాయలకూ, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకూ పెంచారు. ఆంధ్రలో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. మతం మారితే ఎస్సీ హోదా ఉండదన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు భయంతో ఏ దరఖాస్తు మీదా పేరు రాయడానికి వెనుకాడే కుటుంబాలను నేనెరుగుదును. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఈ వైద్యానికి మాత్రం కులంతో, మతంతో పని లేదు.

అసలు చిక్కు మందుల దగ్గరుంది. ఈ పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే గానీ, నెలనెలా డాక్టరు ఫీజుకూ బీపీ, షుగరు మాత్రలకూ కాదు. వాటికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, జన ఔషధి దుకాణం ఉంది. కొన్ని ఆపరేషన్ల తర్వాత ఏడాది పాటు పరీక్షలూ మందులూ ఉచితంగా ఇస్తారన్నది తెలియక బయట కొనేవాళ్లెందరో! పథకం కిందికి రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం, రేషన్‌కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం కావాలి. రోగం నయమైందన్న సంతోషంలో బిల్లులు పొయ్యిలో వేయకండి.

దళారులతో జాగ్రత్త. నకిలీ బిల్లులతో సహాయనిధి సొమ్ము కాజేశారంటూ 2024లో తెలంగాణ సీఐడీ పలు ఆసుపత్రులపై కేసులు పెట్టింది. పరిగె ఏరుకోవడం హక్కే, కానీ ఆ పేరుతో పన ఎత్తుకుపోతే దొంగతనం. ఆదాయ ధ్రువపత్రంలో అబద్ధం రాయించే విశ్వాసి కూడా అంతే, అతని వల్ల వెనక్కు పోయేది మరో పేదవాడి దరఖాస్తు.

షూనేమీయురాలు మొర పెట్టుకున్న వేళ రాజసభలో గేహజీ ఉన్నాడు. ఈ స్త్రీయే ఆ స్త్రీ అని రాజుకు చెప్పింది అతనే. (ఐదో అధ్యాయంలో కుష్ఠు సోకినవాడు ఎనిమిదో అధ్యాయంలో రాజు దగ్గర ఎలా ఉన్నాడన్నది పండితుల తర్జనభర్జన, దానికిది చోటు కాదు.) నయమాను దగ్గర వెండి పుచ్చుకున్నవాడు ఇక్కడ పైసా తీసుకోకుండా సాక్ష్యమిచ్చాడు. ప్రతి సంఘానికీ అలాంటి మనిషి ఒకరు కావాలి. యెరూషలేము సంఘంలో విధవరాండ్రకు అన్నం సరిగా అందడం లేదన్న సణుగుడు వినిపిస్తే, అపొస్తలులు ప్రార్థన చేసి ఊరుకోలేదు, ఏడుగుర్ని ఏర్పాటు చేయించారు (అపొ.కా. 6). మన సంఘాల్లో డిగ్రీ చదివి సెల్‌ఫోను చక్కగా వాడే యువకులకు కొదవ లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట బల్ల వేసుకుని కూర్చుంటే చాలు, ఎన్నో ఫారాలు నింపొచ్చు.

ఆసుపత్రికి బస్సు చార్జీ, తోడున్నవారి భోజనం, బయట రాసే మాత్రలు ఏ పథకంలోనూ పూర్తిగా రావు. మంచి సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు (లూకా 10:35). ఆ మిగతా ఖర్చు ఈ నెలలో ఎంతమందికి ఎంతవుతుందో, కానుకల్లోంచి ఎంత తీయగలరో ఈసారి సంఘ కమిటీ మీటింగులో లెక్క వేయండి. సౌండు సిస్టం మాట తర్వాత చూసుకోవచ్చు.