టమోటా డబ్బుతో కొనే పీసీ

"అన్నా, కోడింగ్ నేర్చుకోవాలి. లైనక్స్‌కి ఏ డెస్క్‌టాప్ తీసుకోవాలి?" నిమ్మనపల్లె నుంచి ఒక డిగ్రీ తమ్ముడు అడిగాడు. ఇంట్లో ఇచ్చేది టమోటా డబ్బు. మదనపల్లె మార్కెట్లో రేటు పడిపోతే మళ్లీ ఇంకోటి కొనివ్వలేరు. అందుకే కొత్తది వద్దు, ఆఫీసుల్లో వాడి తీసేసిన సెకండ్ హ్యాండ్ పీసీ చూడమన్నా.

ఎందుకంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో దాదాపు 8వ జనరేషన్ నుంచే అడుగుతుంది. 6, 7 జనరేషన్ ఐ5లను అది వద్దంటుంది, లైనక్స్ మాత్రం హాయిగా నడుస్తుంది.

లైనక్స్ మింట్‌కి 4 జీబీ ర్యామ్ చాలు. కానీ బ్రౌజర్, కోడ్ ఎడిటర్ కలిపి తెరవాలంటే 8 ఉండాల్సిందే. పాత హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి ఎస్ఎస్‌డీ వేయించండి. గేమ్స్ ఆడనివాళ్లకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది.

షాపుకి వెళ్లేటప్పుడు మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండానే దాన్నుంచి బూట్ అవుతుంది. సౌండ్, యూఎస్‌బీ పోర్టులు, నెట్ అక్కడే చూసుకోండి. వైఫై లేకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే సరి. బూట్ చేయనివ్వని షాపులో కొనకండి.

బీకాం వాళ్లు మాత్రం ఆగండి. ట్యాలీకి విండోసే కావాలి.