ఊరెళ్లినా వంటింట్లోనేనా?

సెలవులకి వంటగది ఉన్న గది తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ మూడు పూటలా మనమే వండితే ఇక మనకి సెలవేదీ? మా వరికుంటపాడు నుంచి రామేశ్వరం వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం హోటల్లో కానివ్వండి. రాత్రికి గదిలో అన్నం ఒక్కటి వండితే చాలు. కందిపొడి, గోంగూర పచ్చడి, నెయ్యి ఇంటినుంచి తీసుకెళ్లండి. పెరుగు అక్కడ కొనుక్కోవచ్చు. పిల్లల కడుపులూ చల్లగా ఉంటాయి.

గదిలో పొయ్యి ఉందో లేదో ముందే అడగండి. గ్యాస్ సిలిండరు, స్టవ్వు రైలెక్కించకండి. రామేశ్వరం దారిలోని మదురైలో 2023 ఆగస్టు 26న, ఆగి ఉన్న యాత్రికుల పెట్టెలో దొంగచాటుగా తెచ్చిన సిలిండరు వల్ల మంటలు రేగి 9 మంది చనిపోయారు.

అన్నట్టు, ఆ రాత్రి అంట్లు మాత్రం అందరూ కలిసి తోమాలి సుమా!