గోడ పడిన మర్నాడు

కాలనీల మధ్య దారికి అడ్డంగా లేచిన గోడలను హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ సంస్థ హైడ్రా కూల్చడం సబబే. ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లు స్థానిక సంస్థకు దఖలుపడినవి, ఇళ్లు కొన్నవారి సొంతం కావు. అంబులెన్సు చుట్టు తిరిగి రావాల్సిన చోట కాలనీవాసుల ప్రశాంతత వాదన నిలవదు. చిక్కంతా గోడ పడిన మర్నాడు మొదలవుతుంది. ఫోన్‌లోని మ్యాపు కొత్త దారిని ఇట్టే పసిగడుతుంది. ఇటుకలే వికెట్లుగా పిల్లలు ఆడుకునే ముప్పై అడుగుల వీధి కాస్తా ప్రధాన రహదారి రద్దీకి మళ్లింపు కాలువ అవుతుంది. ముగ్గు ఆరకముందే దాని మీద క్యాబ్ టైర్ల గుర్తులు పడతాయి. విసిగిన కాలనీవాసులు రాత్రికి రాత్రి అడ్డంగా సిమెంటు దిమ్మ పోస్తారు, తెల్లారేసరికి ఏ స్కూటరిస్టో దాని మీద బోల్తా పడతాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో నిర్దేశించిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మన వీధుల్లో కనిపించే దిమ్మలు దానికి దూరపు చుట్టాలైనా కావు. అందుకే దారి తెరిచేనాటికే నగరపాలక సంస్థ నిర్దేశిత కొలతలతో స్పీడ్ బ్రేకర్లు, నడిచేవారికి కాలిబాట సిద్ధం చేయాలి. లారీలు, ప్రైవేటు బస్సులు అటు మళ్లకుండా ట్రాఫిక్ పోలీసులు ముందే ఉత్తర్వులివ్వాలి. ఆ ఖర్చును కూల్చివేత అంచనాలోనే చేర్చాలి తప్ప, తర్వాత కాలనీ సంఘం చందాలకు వదిలేయకూడదు.