చిన్న సంసారానికి ఎంత గీజరు?

గీజరు కొనబోతే 'పెద్దదైతే ఎప్పటికైనా పనికొస్తుంది' అంటారు ఇంట్లోవాళ్లు. నేనొప్పుకోను. బకెట్టు స్నానాలు చేసే ముగ్గురు నలుగురికి 15 లీటర్లది చాలు. అందులోని 60 డిగ్రీల నీళ్లకు చన్నీళ్లు కలిపితే రెండు బకెట్లొస్తాయి. 2 కిలోవాట్లదైతే మళ్లీ కాగడానికి సుమారు 20 నిమిషాలు. అంతకన్నా పెద్దది కొంటే వాడని నీళ్లకూ బిల్లు కట్టాలి. స్టార్లు ఎక్కువున్నది తీసుకోండి, ఎర్తింగు సరిచూపించండి.

చవకని గ్యాస్ గీజరు మాత్రం గాలాడని స్నానాలగదిలో పెట్టించకండి. అక్కడ పేరుకునే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. లోపలున్న పిల్ల కేకేసేలోపే స్పృహ తప్పవచ్చు.

బిల్లు లెక్క ఎలాగూ మనమే చూస్తాం. కొనేముందు ఈ లెక్కా మనమే చూద్దాం!