సూరత్ తెలుగు కార్మికులారా! డిజైన్ పని కూడా మన చేతికి రావాలి

లింబాయత్, ఉధ్నా, పాండేసరా అన్నలారా, అక్కలారా!

తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపిన పద్మశాలి కుటుంబాలెన్నో. ఆ ఇళ్ల పిల్లలు కొందరు ఇప్పుడు ఎంబ్రాయిడరీ మెషీన్ల మీద ఉన్నారు. తెగిన దారం ఎక్కించడం వాళ్లకు వచ్చు, ఫ్రేమ్ బిగించడం వచ్చు. బొమ్మను మెషీన్ కుట్లుగా మార్చే డిజైన్ పంచింగ్ మాత్రం రాదు. నేర్చుకుందామంటే ఆ సాఫ్ట్‌వేర్ ఖరీదు మన తాహతుకు మించింది. దొంగ కాపీ వేసుకుంటే వైరస్ భయం ఒకటి, కేసు భయం ఒకటి.

ఆ భయాలు లేని దారి ఉంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, దానికి తగిలించుకునే ఇంక్‌స్టిచ్ రెండూ ఓపెన్ సోర్స్. పైసా కట్టక్కర్లేదు. ఒక మామిడిపిందె బుటా గీయండి. లోపల ఫిల్ కుట్టు, అంచుకు శాటిన్ కుట్టు ఎంచుకోండి. కుట్లు బిగిసేకొద్దీ గుడ్డ లోపలికి గుంజుకుని అంచు దగ్గర సందు పడుతుంది గదా, ఆ మేరకు బొమ్మను ముందే వెడల్పు చేసే ‘పుల్ కాంపెన్సేషన్’ ఇందులోనే ఉంది. సూది నడక తెర మీద చూసుకుని, మెషీన్ చదివే డీఎస్‌టీ ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. మొదట చిందీ మీద కుట్టి చూడండి, సేఠ్ జార్జెట్ మీద కాదు!

వర్క్‌షాపుల్లో ఉన్న తమ్ముళ్లకు యంత్రభాగాలు గీసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్ ఉంది. 2002లో మొదలైంది, 2024 నవంబరులో 1.0 వెర్షన్ వచ్చింది. అరిగిన సాంచా భాగాన్ని వెర్నియర్‌తో కొలిచి గీస్తే, ఫ్రీక్యాడ్‌లోని క్యామ్ విభాగం మిల్లింగ్ మెషీన్‌ను నడిపే జీ-కోడ్ తీసిస్తుంది. ఐదు యాక్సిస్‌ల క్లిష్టమైన పనిలో ఖరీదైన సాఫ్ట్‌వేర్లకు సాటిరాదు; ఆ మాట దాచం.

సీఎన్‌సీ మెషీన్లను నడిపే లినక్స్‌సీఎన్‌సీకి మూలం అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్‌లో రాసిన ప్రోగ్రాం. సర్కారు సొమ్ముతో తయారైంది గనుక జనానికే వదిలేశారు. మన పన్నులతో నడిచే బడి గది మనకెందుకు తెరవకూడదు?

సూరత్ మహానగరపాలిక తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. వాటిలో కంప్యూటర్లు పెట్టి, పెద్దపిల్లలకూ కార్మికులకూ ఈ సాఫ్ట్‌వేర్ల తరగతులు తెలుగులో నడపాలి. పన్నెండు గంటల షిఫ్టు చేసొచ్చి చదువేంటంటారా? అందుకే సెలవు రోజున పెట్టమంటున్నాం. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల పాఠాలను తెలుగులోనూ ఉచితంగా ఇస్తోంది, అక్కడ మొదలుపెట్టొచ్చు. మార్కండేయ జయంతికి పందిళ్లు వేసే మన పద్మశాలి సంఘాలు ఒక్క ఏడాది ఆర్భాటం తగ్గించుకుంటే పాత కంప్యూటర్లు రెండు రావా?

ఈ తరగతులు కోరుతూ రాసిన వినతిపత్రం మీ గల్లీకి వస్తుంది. సంతకం పెట్టండి. మీ వార్డు కార్పొరేటర్ ఓట్లకు వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే వెళ్లి అడగండి.