డాబా ఎక్కకుండానే ట్యూనింగ్

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో 75.6 అడుగుల వరద చూసిన పెద్దలకు ఆ నీళ్లు కొత్తేమీ కాదు. అప్పటికీ ఇప్పటికీ తేడా ఒక్కటే, ఇప్పుడు కబురంతా సెల్ టవర్ బ్యాటరీని నమ్ముకుని ఉంది.

అది ఆగితే రేడియోయే దిక్కు. 2004 సునామీ వేళ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హ్యామ్ (ఔత్సాహికుల) రేడియోతోనే అండమాన్ కబుర్లను బయటికి చేరవేసింది. భద్రాచలం దగ్గరి చర్ల, దుమ్ముగూడెం మండలాలకూ అలాంటి ఏర్పాటు ఉండాలి. అయితే సెట్టు కొనిస్తే సరిపోదు.

అడవిలో, గుట్టల మధ్య వాకీటాకీ మాట ఎంతో దూరం పోదు. హ్యామ్ సెట్టు యాంటెన్నా తీగను తక్కువ ఎత్తులో అడ్డంగా కడితే, తరంగం నిటారుగా పైకెళ్లి అయనావరణాన్ని తాకి, చుట్టూ మూడు నాలుగొందల కిలోమీటర్ల మేర దిగుతుంది. అంటే హైదరాబాద్ అందుతుంది. పగలు 7 మెగాహెర్ట్జ్ చక్కగా పనిచేస్తుంది. రాత్రి అది చాలాసార్లు అయనావరణాన్ని దాటి పైకే పోతుంది, 3.5కి దిగాల్సిందే. 7కి కట్టిన 20 మీటర్ల తీగ 3.5కి పొట్టి. సెట్టుతో మ్యాచింగ్ కుదరక, అది పంపిన పవర్‌లో చాలాభాగం వెనక్కి తంతుంది, కొంత కేబుల్‌లోనే వేడిగా కరిగిపోతుంది. అర్ధరాత్రి, కుండపోతలో, మండలాఫీసు డాబా ఎక్కి ఎవరు సరిచేస్తారు?

అందుకే మ్యాచింగ్ డబ్బా తీగ మొదట్లోనే ఉండాలి, మీట కింద గదిలో ఉండాలి. పాత వాల్వు రేడియోలోని గ్యాంగ్ కండెన్సర్‌కు గేర్ల మోటారు తగిలించినా పని జరుగుతుంది. రిలేలైతే ఇంకా మేలు: ఒకదానికొకటి రెట్టింపయ్యే ఏడు కాయిళ్లను అవి కలుపుతూ తెంపుతూ ఉంటే 128 విలువలు వస్తాయి. వాటికి 12 వోల్టులు ఆ కేబుల్‌లోనే పంపొచ్చు. ఇక పొట్టి తీగ దగ్గర వోల్టేజీ ఎగబాకుతుంది, చవక కండెన్సర్ పెడితే చిటపటమని కాలిపోతుంది. డబ్బా ఎంత బాగున్నా పొట్టి తీగ పొడుగవదు, కొంత నష్టం తప్పదు.

దీన్ని ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు కట్టగలరు. వాడటానికి మాత్రం కేంద్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి, రాష్ట్ర సరిహద్దు అడవిలో ఆ కాగితం మరీ ముఖ్యం. బిగించాల్సింది మేలోనే, వరద వచ్చాక కాదు. డబ్బా అడుగున చెమ్మ కారిపోవడానికి చిన్న బెజ్జం వదిలి, దానికి సన్నటి జాలీ అతికించాలి. లేదంటే మొదటి వానకే చీమలు రిలేల్లో కాపురం పెడతాయి.