తలలు లెక్కపెట్టారు, భూమిని వదిలేశారు - కంబోడియా పాఠం

ఏ దేశంలోనైనా యుద్ధం ఆగిందంటే చాలు, అప్పులిచ్చే సంస్థలూ, సహాయ సంఘాలూ, నిపుణులూ వరసకట్టి దిగుతారు. ఇన్ని మైళ్ల రోడ్డు, ఇన్ని వంతెనలు, ఇన్ని గోదాములు అని అంచనాలు కడతారు. కాని ఆ దేశంలో ఎంతమంది బతికి బయటపడ్డారు, వారిలో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఏ ఊళ్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయి, అరక పట్టగల చేతులెన్ని అనే లెక్క లేకుండా కట్టిన అంచనాలు, చెరువులో నీళ్లెన్నో తెలియకుండా ఆయకట్టు రాసినట్లే వుంటాయి.

జనాభా లెక్కలంటే బడిపంతులు వచ్చి రాసుకుపోయే కాగితమనీ, దానితో మనకేం పనీ అనీ కూలిజనంలో ఒక అభిప్రాయం ఉంది. అది సరైనది కాదు. ఆ కాగితం మీదనే బియ్యం లెక్క తేలుతుంది, బడి లెక్క తేలుతుంది, ఆసుపత్రి లెక్క తేలుతుంది. ఎవరు లెక్క రాస్తారు, ఏ ప్రశ్న అడుగుతారు, ఏ ప్రశ్న అడగకుండా దాటేస్తారు అనేది వర్గ ప్రయోజనాలకు సంబంధించిన విషయం. దీన్ని అర్థం చేసుకోవడానికి కంబోడియా అనుభవం కంటే మంచి ఉదాహరణ దొరకదు. అది వరి పండించే దేశం, పల్లెల దేశం, మనబోటి కష్టజీవుల దేశం.

ముప్పై ఆరేళ్లు లెక్క లేని దేశం

కంబోడియాలో 1962లో జనగణన జరిగింది. జనాభా 57 లక్షల పైచిలుకు. తర్వాతి పూర్తి జనగణన 1998లో గాని జరగలేదు. మధ్యలో ముప్పై ఆరేళ్లు గడిచాయి. ఆ ముప్పై ఆరేళ్లలో ఏం జరిగిందో చూడండి.

వియత్నాం యుద్ధాన్ని అమెరికా సామ్రాజ్యవాదులు సరిహద్దు దాటించి, 1969 నుంచి 1973 దాకా కంబోడియా మీద 5 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించారు. పొలాలు గుంటలయ్యాయి, పల్లెజనం పట్నాలకు పారిపోయారు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సేనలు రాజధాని నామ్‌పెన్‌ను పట్టుకున్నాయి. పోల్‌పాట్ ముఠా పట్నాలను ఖాళీ చేయించి జనాన్ని పొలాల మీదికి తోలింది. ఆకలి, రోగం, చాకిరీ, హత్యలు కలిసి దేశంలో అయిదో వంతుకు తగ్గకుండా జనాన్ని మింగేశాయి. 1979 జనవరి 7న వియత్నాం సేనలూ, కంబోడియా విమోచన దళాలూ కలిసి ఆ పాలనను కూలదోసేదాకా ఈ మారణకాండ ఆగలేదు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పోల్‌పాట్ ముఠాకు కూడా లెక్కలున్నాయి. ప్రతివాని చేతా జీవిత చరిత్ర రాయించారు. పాత జనం, కొత్త జనం అని విడదీసి, దాన్నిబట్టి తిండి, దాన్నిబట్టి శిక్ష. తూల్ స్లెంగ్ జైలులో ఖైదీల పేర్లు, ఫోటోలు, వాంగ్మూలాలు ఎంతో శ్రద్ధగా భద్రపరిచారు. రువాండాలోనూ అంతే. బెల్జియం వలస పాలకులు 1930లలో మొదలుపెట్టిన గుర్తింపు కార్డుల మీద జాతి పేరు ఉండేది. 1994లో దారికాచిన హంతకులు ఆ కార్డు చూసి మనిషిని చంపారు. కనుక లెక్క దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. కొడవలి ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

కాడెద్దు లేని ఊళ్లు, మగదిక్కు లేని ఇళ్లు

1979లో కొత్త ప్రభుత్వం అధికారానికి వచ్చేనాటికి పత్రాలు లేవు, గుమాస్తాలు లేరు, డబ్బు కూడా చెలామణిలో లేదు. 1980లో ఊరూరా తిరిగి ఉజ్జాయింపు లెక్క ఒకటి రాయించారు. దాదాపు 66 లక్షలు తేలింది. ఆనాటి అంచనాల ప్రకారం పెద్దవయసు వారిలో నూటికి 60 మందికి పైగా స్త్రీలే. ఎద్దులు చచ్చాయి, గేదెలు చచ్చాయి, విత్తనం తిన్నారు.

ఈ లెక్కను చూసే అక్కడ ఐక్యతా బృందాలు ఏర్పాటు చేశారు. వాళ్ల భాషలో వాటిని క్రోమ్ సామకీ అన్నారు. పది పదిహేను కుటుంబాలు ఒక బృందం. ఉన్న ఎద్దులు, నాగళ్లు అందరివీ కలిపి సేద్యం చేయాలి. పండింది పనినిబట్టి పంచుకోవాలి, పనిచేయలేని ముసలివాళ్లకూ పిల్లలకూ కొంత వాటా తీయాలి. విధవరాలికి అరక లేదు కాబట్టి ఆమె పొలం బీడు పడగూడదు. ఇదీ ఉద్దేశం. కొన్ని ఏళ్లకు చాలా బృందాలు పేరుకు మాత్రమే మిగిలాయి. అయినా ఆకలి చావుల అంచున ఉన్న దేశాన్ని ఆ మొదటి పంటలు దాటించింది ఈ పద్ధతే. నిపుణుల కంప్యూటరు అక్కడ లేదు. ఊరివాళ్లు తమ ఇళ్లను తామే లెక్కపెట్టుకున్నారు, తామే పంచుకున్నారు.

మరి అప్పుడే పూర్తి జనగణన ఎందుకు జరపలేదు? జరపడానికి తోడ్పడవలసిన వారు తోడ్పడలేదు. అమెరికా, చైనా, పశ్చిమ దేశాలు వియత్నాం మీద కక్షతో కొత్త ప్రభుత్వాన్ని గుర్తించలేదు. ఐక్యరాజ్య సమితిలో కంబోడియా కుర్చీ 1980ల పొడుగునా హంతకుల పక్షానికే దక్కింది. సమితి అభివృద్ధి సాయం ఆ దేశానికి అందలేదు. భారతదేశం 1980 జులైలో కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. ఆనాడు అట్లా గుర్తించిన దేశాలు బహు తక్కువ.

అయిదెకరాల వాగ్దానం

లెక్క లేకపోతే ఏమవుతుందో 1992లో తేలింది. 1991 అక్టోబరు 23న పారిస్ ఒప్పందం కుదిరింది. థాయిలాండ్ సరిహద్దు శిబిరాలలో ఏళ్ల తరబడి మగ్గిన 3 లక్షల 60 వేలకు పైగా శరణార్థులను 1992 మార్చి నుంచి ఏడాది వ్యవధిలో వెనక్కి తెచ్చారు. వచ్చిన కుటుంబానికి రెండు హెక్టార్లు, అంటే మన లెక్కన దాదాపు అయిదెకరాలు, సేద్యపు భూమి ఇస్తామని మొదట చెప్పారు.

తీరా చూస్తే ఆ భూమి ఎక్కడుంది? 1989లోనే ఊళ్లలో ఉన్న కుటుంబాలకు, ఇంట్లో తలల లెక్కనుబట్టి పొలాలు పంచేశారు. శిబిరాలలో ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. మిగిలిన భూమి చూద్దామంటే మందుపాతరలు. దాంతో వాగ్దానం మార్చేశారు. పెద్దవాళ్లకు తలకు 50 డాలర్లు, పిల్లలకు 25 డాలర్లు, కొంతకాలానికి తిండిగింజలు. అత్యధిక కుటుంబాలు ఆ డబ్బే తీసుకున్నాయి. ఆ డబ్బు ఎన్నాళ్లు వస్తుంది? భూమి లేని కూలి వర్గం ఒకటి అక్కడ కొత్తగా పుట్టింది. ఎంత మంది వస్తారో వాళ్లకు తెలుసు. ఎంత భూమి ఉందో మాత్రం వాళ్లకు తెలియదు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టకుండా ఇచ్చిన మాట నీళ్లమీద రాత అయింది.

1998 లెక్క ఏం చెప్పింది?

చివరకు 1998 మార్చి 3ను లెక్క తేదీగా పెట్టుకుని, సమితి జనాభా నిధి సాయంతో జనగణన జరిపారు. జనాభా 1 కోటి 14 లక్షల 37 వేలు. ఇంకా తుపాకులు పేలుతున్న కొన్ని చోట్లకు లెక్కరాసేవాళ్లు పోలేకపోయారు. అక్కడ సుమారు 45 వేల మంది ఉంటారని అంచనా కట్టారు.

ఆ లెక్క యుద్ధాన్ని ముద్ర గుద్దినట్లు చూపించింది. నూరుమంది ఆడవాళ్లకు 93 మందే మగవాళ్లు. యుద్ధకాలంలో పడుచు వయసులో ఉన్నవారిలో ఈ తేడా ఇంకా ఎక్కువ. ప్రతి నాలుగిళ్లలో ఒక ఇంటికి ఆడమనిషే పెద్ద. 1975-78 మధ్య పుట్టి బతికినవాళ్లు కొద్దిమందే కాబట్టి, ఇరవై ఏళ్ల ప్రాయం వాళ్ల దగ్గర లెక్క గాడిపడింది. దానికి కింద, 1979 తర్వాత పుట్టిన పిల్లలు వెల్లువలా ఉన్నారు. పదిహేనేళ్ల లోపు పిల్లలే నూటికి 43 మంది. నూటికి 84 మంది పల్లెల్లోనే ఉన్నారు. కరెంటు దీపం ఉన్న ఇళ్లు నూటికి 15. చదువొచ్చిన పెద్దవాళ్లు మగవాళ్లలో నూటికి 80, ఆడవాళ్లలో 57.

ఈ అంకెలతో ఏం పని జరిగింది? మూడు విషయాలు చెప్పుకోవాలి.

మొదటిది, ఏ ఊరికి ఎక్కువ అవసరమో తేలింది. జనగణన అంకెలను, కుటుంబాల ఖర్చుల సర్వేను కలిపి పేదరికపు పటం గీశారు. అంతకుముందు రోడ్డు పక్కనున్న ఊరికి సాయం అందేది, లోపలి ఊరికి అందేది కాదు. ఇప్పుడు బళ్లలో పిల్లలకు అన్నం పెట్టే పథకాలకు, పనికి ఆహారం పథకాలకు ఆ పటం ఆధారమైంది.

రెండవది, న్యాయానికి పనికొచ్చింది. ఖ్మేర్ రూజ్ నాయకులను విచారించడానికి 2006లో పని మొదలుపెట్టిన ప్రత్యేక న్యాయస్థానం కోసం జనాభా నిపుణులు వివిధ లెక్కలన్నిటినీ జల్లెడపట్టి 2009లో నివేదిక ఇచ్చారు. ఆ పాలనలో అదనంగా చనిపోయినవాళ్లు 17.5 లక్షల నుంచి 22 లక్షల దాకా ఉంటారనీ, వారిలో దాదాపు 8 లక్షల మందివి హత్యలేననీ తేల్చారు. 2018లో బతికున్న ఇద్దరు ముఖ్య నాయకులను మారణహోమ నేరస్తులుగా నిర్ధారించారు. ఎవరూ సాక్ష్యం చెప్పడానికి మిగలని ఇళ్ల తరపున ఆ అంకెలే సాక్ష్యం చెప్పాయి.

మూడవది, పేదల గుర్తింపు. 2000ల రెండవ భాగంలో అక్కడి ప్రణాళికా శాఖ ఒక పద్ధతి ప్రవేశపెట్టింది. పేద కుటుంబాల జాబితాను ఊరివాళ్లే ఎన్నుకున్న బృందం తయారుచేస్తుంది. చిత్తు జాబితాను ఊళ్లో అందరికీ కనపడేటట్టు అంటిస్తారు. పేరు లేనివాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు. ఆ కార్డుతో ఆసుపత్రి ఖర్చు తగ్గింది. 2020లో కరోనా కాలంలో పేద కుటుంబాలకు నగదు అందించింది కూడా ఈ జాబితానుబట్టే. లోపాలు లేకపోలేదు. పలుకుబడి ఉన్నవాడు తన పేరు ఎక్కించుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. అయినా బీరువాలో దాచిన జాబితా కంటే గోడకంటించిన జాబితా వెయ్యి రెట్లు నయం.

అసలు ప్రశ్న అడగలేదు

ఇంతవరకు బాగానే ఉంది. మరి ఆ పల్లెజనం కోలుకున్నారా? ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

2001లో కొత్త భూమి చట్టం చేశారు. సేద్యపు పరిశ్రమల పేరిట ఒక్కొక్క కంపెనీకి 10 వేల హెక్టార్ల దాకా, అంటే సుమారు 25 వేల ఎకరాల దాకా, దీర్ఘకాలపు కౌలుకు ఇచ్చే వీలు కల్పించారు. 2012 నాటికి ఇట్లా పోయిన భూమి 20 లక్షల హెక్టార్లు దాటిందని అక్కడి హక్కుల సంఘాలు లెక్కగట్టాయి. రబ్బరు తోటలు, చెరకు తోటలు లేచాయి. ఎన్నో ఏళ్లుగా పొలం చేసుకుంటున్నా పట్టాకాగితం లేని రైతు ఒక్కరోజులో ఆక్రమణదారుడయ్యాడు. జనం ఎదిరించిన మీదట 2012 మేలో ప్రభుత్వం కొత్త కేటాయింపులను ఆపింది.

దేశంలో మొట్టమొదటి వ్యవసాయ గణన ఎప్పుడు జరిగింది? 2013లో! అంటే తలల లెక్క జరిగిన పదిహేనేళ్లకు, భూమి చేతులు మారిపోయిన తర్వాత. ఇల్లు లెక్కపెట్టారు, దీపం లెక్కపెట్టారు, చదువు లెక్కపెట్టారు. ఈ పొలం ఎవరు దున్నుతున్నారు, ఎన్నాళ్లుగా దున్నుతున్నారు అన్న ప్రశ్నకు దేశమంతటా జవాబు రాసిపెట్టి ఉంటే, బంజరు అని చెప్పి కంపెనీకి అప్పజెప్పడం అంత సులువయ్యేది కాదు. పాలకవర్గాలు కొన్ని లెక్కలు రాయించడంలో చూపించే శ్రద్ధ, కొన్ని లెక్కలు రాయించకపోవడంలోనూ చూపిస్తాయి.

మనం నేర్చుకోవలసింది

మన దేశంలో కంబోడియాలో జరిగినట్లాంటి యుద్ధం జరగలేదు. అయినా లెక్క ఆగితే ఎవరి నోటికాడ కూడు పోతుందో మనకూ తెలుసు. 2013 ఆహార భద్రతా చట్టం కింద ఎంతమందికి రేషను అన్నది 2011 జనగణన మీద కట్టారు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1 తేదీతో జరుపుతామని 2025లో ప్రకటించారు. ఈలోగా పుట్టినవాళ్లు, పెళ్లిళ్లయి వేరుపడిన కాపురాలు పాత అంకెకు కనపడవు.

2001లో దేశంలో 10.7 కోట్లున్న వ్యవసాయ కూలీలు 2011 నాటికి 14.4 కోట్లయ్యారు. సొంతానికో కౌలుకో సేద్యం చేసేవాళ్లు 12.7 కోట్ల నుంచి 11.9 కోట్లకు తగ్గారు. రైతు కూలీగా మారుతున్నాడని మనం సభల్లో అరిచి చెప్పేదాన్ని సర్కారు కాగితమే ఒప్పుకున్నది. ఇంతకంటే పనికొచ్చే ఆయుధం ఏముంటుంది?

కనుక కార్యకర్తలు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. గత జనగణనలు ఫిబ్రవరిలో జరిగాయి. ఫిబ్రవరి అంటే మన కూలీలు మిరపకోతలకు వలసపోయే కాలం. గుడిసెకు తాళం ఉందని లెక్కరాసేవాడు వెళ్లిపోకుండా, కోతలకాడ ఉన్నవాళ్లను కూడా రాసేటట్టు చూడాలి. ఏం పని అని అడిగితే ఇంటాయన తన పని చెప్పి, భార్యది ఇంటిపని అని రాయిస్తాడు. పొద్దుగూకులూ నాట్లు వేసి కలుపుతీసే అక్కచెల్లెళ్లు ఆ ఒక్క మాటతో లెక్కలోంచి మాయమవుతారు. వాళ్లు తమ పని తామే చెప్పి రాయించుకోవాలి. ఏ జాబితా అయినా పంచాయతీ గోడ మీద అంటించాలని పట్టుబట్టాలి. పేర్లు, కులం, మతం రాసుకున్న కాగితం పోలీసు చేతికి, గూండా చేతికి పోకుండా కాపలా కాయాలి.

అన్నిటికంటే ముఖ్యం, తలల లెక్క పక్కన భూమి లెక్క అడగాలి. ఎవరి పేరున పట్టా, ఎవరి చేతిలో నాగలి, ఈ రెండూ ఒకే కాగితం మీద రాయాలి. ఇవాళ యుద్ధాల్లో నలుగుతున్న దేశాల జనం రేపు తిరిగి ఊళ్లకు చేరతారు. వాళ్ల దగ్గరికి నిపుణులు మళ్లీ అంచనాలు పట్టుకుని వస్తారు. మీరెంతమంది అన్న ప్రశ్న ఒక్కటే అడిగి సరిపెడితే, ఆ జనం కంబోడియా శరణార్థుల్లాగే డబ్బు చేతపట్టుకుని భూమి లేకుండా నిలబడవలసి వస్తుంది.